కారు కింది నేల

ఈ పూట ఒక చిన్న పని చెబుతాను, చేసి చూడండి. వంటింట్లోంచి ఒక గరిటె తీసుకుని మీరు కారు నిలిపే చోటికి పోండి. కారును కాస్త బయటికి తీసి, చక్రాలు ఆనే చోట గరిటె కాడతో నేలను తట్టుకుంటూ రండి. గోడవారన గట్టిగా పలుకుతుంది. నడిమికి వచ్చేసరికి, ముఖ్యంగా సంపు మూత చుట్టుపక్కల, చప్పుడు మారి డొల్లగా వినిపించిందంటే ఈ కబుర్లు మీకోసమే. పగులు కంటికి కనపడడానికి చాలా ముందే ఆ చప్పుడు వినిపిస్తుంది.

తిరుపతి కానివ్వండి, చిత్తూరు కానివ్వండి, పుత్తూరు, రేణిగుంట, మదనపల్లె ఎక్కడైనా కానివ్వండి, ఈ మధ్య కట్టిన ఇళ్ల తీరు ఇంచుమించు ఒకటే. రెండు మూడు సెంట్ల జాగా. ముందు గేటు, గేటు లోపల కారు, పక్కన మేడ మెట్లు. తూర్పు ముఖమైనా ఉత్తర ముఖమైనా ఈశాన్యం మూల ఇంటి ముందే పడుతుంది కాబట్టి సంపు అక్కడే తవ్వుతారు. కారుకూ నీళ్లకూ ఒకటే చోటన్నమాట. ఇల్లు పైకి లేచినన్నాళ్లూ ఇసుక కుప్ప అక్కడే, ఇటుకల దొంతర అక్కడే, మాలు కలిపేదీ అక్కడే. గృహప్రవేశం ముహూర్తం తరుముకొచ్చాక సంపు చుట్టూ మిగిలిన గుంతలోకి ఇటుక ముక్కలు, ఖాళీ సిమెంటు సంచులు, గోడలు పూసేటప్పుడు రాలిన మాలు అన్నీ తోసేస్తారు. పైన మూడంగుళాల కాంక్రీటు పరిచి నున్నగా తాపీ పట్టిస్తారు. చుట్టాలు వస్తారు, షామియానా కింద భోజనాలు అవుతాయి, నేలకు ఏ వంకా పెట్టడానికి ఉండదు. అక్టోబరు, నవంబరు వానలు రాగానే ఆ పూడిక తడిసి కిందికి కూర్చుంటుంది. పైనున్న పలక మాత్రం అంతే ఉంటుంది, కింద ఆధారం లేకుండా.

కాంక్రీటు గుణం తెలిస్తే తక్కింది అర్థమైపోతుంది. పైనుంచి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం ఓర్చుకోదు. కింద మన్ను గట్టిగా ఆని ఉంటే మూడంగుళాల పలక కూడా ఏళ్ల తరబడి కారును మోస్తుంది. కింద జానెడు ఖాళీ ఏర్పడిందంటే చక్రం ఎక్కిన ప్రతిసారీ పలక కాస్త వంగుతుంది, అడుగున వెంట్రుకవాసి చీలిక పుడుతుంది, అది మెల్లగా పైకి పాకుతుంది. చిన్న కారు బరువే టన్నుకు అటూ ఇటూ. ఇప్పుడు కొంటున్న పెద్ద కార్లు టన్నున్నర దాటుతున్నాయి. ఆ చీలికలోకి నీళ్లు దిగితే లోపలి కమ్మీ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా లేపుతుంది. పందికొక్కుల సంగతి చెప్పకపోతే మన ఊళ్ల కథ పూర్తి కాదు. మురికి కాలువ గట్టు నుంచి సొరంగం తవ్వుకుంటూ నేరుగా ఈ వదులు పూడికలోకే వస్తాయి. గేటు పక్కన పొద్దున్నే పొడి మట్టి కుప్ప కనిపిస్తే, ఆ మట్టి మీ నేల కిందిదేనని అనుకోండి.

నీళ్ల బలం సంగతి కూడా చెప్పాలి. 2021 నవంబరు 18, 19 తేదీల వాన తిరుపతిలో ఎవరూ మరిచిపోలేదు. కపిలతీర్థం దగ్గర కొండ మీది నీళ్లు విరుచుకుపడ్డాయి, తిరుమల మెట్లదారి దెబ్బతింది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. అది జరిగిన వారానికే శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో ఒకామె సంపులోకి దిగి శుభ్రం చేస్తుంటే, వరలతో భూమిలోకి దించిన ఆ సంపు ఉన్నట్టుండి నేలను చీల్చుకుని పైకి లేచి నిలబడింది. లోపలున్న ఆమె ప్రాణాలతో బయటపడింది. జనం వింత చూడ్డానికి వెళ్లారు. అది వింతేమీ కాదు, లెక్క. వానలకు భూమిలో నీరు పైపైకి వచ్చింది. సంపులో నీళ్లు తోడేశారు. ఖాళీ అయిన సంపు, చుట్టూ ఉన్న నీటిలో తేలే వస్తువైపోయింది. అయిదు వేల లీటర్ల సంపు ఖాళీగా ఉంటే, చుట్టూ నీరు అంచుదాకా నిలిచినప్పుడు దాన్ని పైకి తోసే బలం అయిదు టన్నులకు పైమాటే. మన కారు కింది పలకకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అయిదంగుళాల కాంక్రీటు బరువును అడుగెత్తు నీటి ఒత్తిడి సరితూగి లేపగలదు. కాబట్టి గట్టి వానలు పట్టినప్పుడు సంపు ఖాళీ చేయకండి, నిండుగా ఉంచండి. శుభ్రం చేసే పని ఎండాకాలానికి పెట్టుకోండి.

ఇక మేస్త్రీని పిలిచారనుకుందాం. బేల్దారి పనిలో తలపండిన మనిషి. చూసిన వెంటనే, "దీనికేముంది సార్, పైన రెండంగుళాలు కోటింగ్ వేసేస్తే సరిపోతాది" అంటాడు. ఆయన మోసగాడు కాడు. మనం ఖర్చు చూసి భయపడతామని ముందే తగ్గించి చెబుతున్నాడు. మీరు మాత్రం ఒప్పుకోవద్దు. పైపై పొడి రాలుతూ, కింద గట్టిగా పలికే నేలకైతే కోటింగ్ మంచిదే. డొల్ల నేలకు కోటింగ్ వేస్తే బరువు పెరుగుతుంది గానీ ఆధారం పెరగదు. కింది పగులే ఏడాది తిరక్కుండా పై పొరలోనూ అదే దారిన కనిపిస్తుంది. పైగా నేల రెండంగుళాలు లేచి వాన నీళ్లు గడప వైపు తిరుగుతాయి. గట్టిగా చెప్పండి: "లేదు మేస్త్రీ, పూర్తిగా లేపేద్దాం."

కూల్చేది బ్రేకర్ మిషన్‌తో ఒక్క పూట పని. దానికి ముందు సంపు గోడలు, నీళ్ల పైపులు, కరెంటు ఎర్త్ గుంత ఎక్కడున్నాయో సుద్దతో గీసి చూపించండి. వచ్చిన ముక్కలను కాలువ గట్టున పోయించకండి, వచ్చే వానకు వీధి మునిగేది అందుకే. పిడికిలంత ముక్కలుగా కొట్టిస్తే అవే కింద పరుపుకు పనికొస్తాయి.

నేను మిమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టేది పలక కింది మన్ను దగ్గరే. డబ్బు ఇక్కడ పెట్టండి, రోజులు ఇక్కడ పెట్టండి. పాత పూడికంతా గట్టి నేల తగిలేదాకా తీయించాలి. ఇటుక ముక్కలు, సంచులు, చెక్కపేళ్లు ఒక్కటీ మిగలకూడదు. చెక్క ఉంటే చెదలు, సంచి ఉంటే ఖాళీ. తర్వాత గ్రావెల్ తెప్పించి ఆరంగుళాల మందం చొప్పున పొరలు పరిచి, ఒక్కో పొరనూ తడిపి ర్యామర్‌తో దిమ్మిస కొట్టించాలి. తడి ఎంత ఉండాలంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, చేతికి నీరు అంటకూడదు. రాత్రంతా పైపు వదిలేస్తే మన్ను అదే కూర్చుంటుందని చాలామంది నమ్మకం. ఉత్త ఇసుక అయితే కొంత నిజమే. బంకమన్ను ఉన్నచోట అది బురద అవుతుంది, ఆరాక నెర్రెలిస్తుంది. మన వైపు ఎర్రనేలే ఎక్కువగానీ, చెరువు కింద, వంక పక్కన వేసిన లేఅవుట్లలో బంకమన్ను తగులుతుంది. సంపు గోడ పక్కన ర్యామర్ ఆడించే చోటు లేకపోతే చేతి దిమ్మిసతోనైనా కొట్టించండి. మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవలసిన రోజంటూ ఉంటే అది ఇదే. పై పని బాగా లేకపోతే ఎవరికైనా కనబడుతుంది. కింది పని చూసేవాళ్లు ఆ పూట ఉన్నవాళ్లు మాత్రమే.

పొరలు పూర్తయ్యాక 40 ఎం.ఎం. కంకరతో మూడంగుళాల బెడ్డు, దాని మీద ప్లాస్టిక్ పట్టా, ఆ పైన అసలు పలక. పది అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, అయిదంగుళాల మందం అనుకుంటే 75 ఘనపుటడుగుల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో కలిపితే ఇంచుమించు 17 బస్తాల సిమెంటు పడుతుంది. బెడ్డుకు ఇంకో నాలుగైదు. ఎనిమిది ఎం.ఎం. కమ్మీలు ఎనిమిదేసి అంగుళాల దూరంలో అల్లి, కింద కవర్ బ్లాకులు పెట్టించండి. బ్లాకులు లేకపోతే కమ్మీ కాళ్ల కింద పడి అడుగుకు అంటుకుపోతుంది, ఉండీ లేనట్టే.

నీళ్ల దగ్గర అందరూ చెయ్యి జారుస్తారు. ఈ పాళ్లకు బస్తాకు 30 లీటర్లు దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 చెబుతున్న మాట. ఇసుక తడిగా ఉంటే అందులోంచీ తగ్గించాలి. కాంక్రీటు జారుగా ఉంటే పరచడం సులువు కాబట్టి కూలీలు బకెట్ మీద బకెట్ పోస్తారు. ఎక్కువైన నీరు ఆవిరై పోయిన చోటల్లా సన్న రంధ్రం మిగులుతుంది. పైకి తేలిన నీటి మీద పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దే అలవాటు ఒకటుంది, దాన్ని కూడా ఆపించండి. ఆ పొర రెండు ఎండాకాలాలకే పొట్టుగా లేస్తుంది. కారు నిలిపే నేల నున్నగా ఉండనవసరమే లేదు. తాపీ పట్టాక కొత్త చీపురుతో అడ్డంగా గీతలు లాగిస్తే వానలో టైరూ జారదు, పొద్దున బిందెతో వచ్చే ఇంటామె కాలూ జారదు.

వాటం గేటు వైపు ఉండాలి. 18 అడుగుల పొడవుకు రెండున్నర, మూడంగుళాల దిగుడు చాలు. పోసిన మర్నాడే నిలువునా అడ్డంగా కటింగ్ మిషన్‌తో పలక మందంలో నాలుగో వంతు లోతుకు గాట్లు పెట్టించండి. కాంక్రీటు ఆరేటప్పుడు ఎలాగూ ముడుచుకుంటుంది, గాటు ఉంటే ఆ పగులు గాటులోనే దాక్కుంటుంది. గోడ వెంబడి, సంపు మూత చుట్టూ అర అంగుళం థర్మాకోల్ పట్టీ పెట్టించడం మరవకండి. సంపు గోడా నేలా ఒకటిగా అతుక్కుంటే ఒకటి కదిలినప్పుడు రెండోది చీలుతుంది.

ఇప్పుడు నీళ్లు పట్టడం. కాంక్రీటు ఆరి గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. మనకు అంగళ్లలో దొరికేది ఎక్కువగా బూడిద కలిసిన పీపీసీ సిమెంటు. మన ఎండలకు దానికి 14 రోజుల తడి కావాలి. పొద్దున సాయంత్రం పైపుతో చిలకరిస్తే మధ్యాహ్నానికి ఎండి తెల్లబడుతుంది, అది తడి కింద లెక్క కాదు. మట్టితో మడులు కట్టి రెండంగుళాల నీళ్లు నిలపండి, లేదా గోనె పట్టాలు పరిచి ఆరకుండా చూడండి. చంద్రగిరి కోటలో రాజమహల్ చూశారు కదా, కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన కట్టడం. గానుగ సున్నం గట్టిపడేందుకు నెలలు పట్టేది, దాన్ని కట్టినవాళ్లు అంత కాలమూ ఓపిక పట్టారు. సిమెంటు మనల్ని అడిగేది రెండు వారాలే. అందుకే ఈ పనికి నేను చెప్పే కాలం సంక్రాంతి దాటాక. అప్పటికి భూమిలో తడి దిగిపోతుంది, ఎండ ఇంకా ముదరదు. మేలో తప్పనిసరి అయితే తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కే ముందు ముగించమనండి.

పనికి వచ్చినవాళ్ల చేతులు కూడా ఒకసారి చూడండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, ఆ కాలడం గంటల తర్వాత గానీ తెలియదు. తట్టలు మోసే ఆడవాళ్లు ఒట్టి కాళ్లతో అందులో నిలబడతారు. రబ్బరు గ్లోవ్సు, గమ్ బూట్లు మీరే కొని ఇవ్వండి. 17 బస్తాల సిమెంటు ధర ముందు అది లెక్కలోకి రాదు. కడుక్కోవడానికి మంచినీళ్లు విడిగా పెట్టండి. "అక్కా, కాళ్లు కడుక్కుని అన్నానికి రాండి" అని పిలిస్తే వాళ్లు కడుక్కుని వస్తారు, పిలవకపోతే పని అయ్యేదాకా అలాగే ఉంటారు.

కాంక్రీటు పోసిన మర్నాటి నుంచి దాని మీద మనుషులు నడవచ్చు. వారానికి బలంలో మూడింట రెండు వంతులు వస్తుంది, స్కూటర్ ఎక్కించవచ్చు. కారు మాత్రం 28 రోజులు ఆగాలి. ఆ నెల కారు వీధిలోనే ఉంటుంది కాబట్టి పని మొదలుపెట్టకముందే ఎదురింటివాళ్లకు ఒక మాట చెప్పండి. వాళ్ల నేల కూడా తట్టి చూపించండి, ఇద్దరిదీ ఒకేసారి చేయిస్తే ర్యామర్ బాడుగ, బ్రేకర్ బాడుగ చెరిసగం అవుతాయి.