నా గూగుల్ ఫామ్‌లో లేనివాళ్లు

గుంటూరులో మా కాలనీ పార్కు బాగుచేస్తారని తెలిసి, ఎవరికేం కావాలో నేనే అడుగుదామనుకున్నా. సాఫ్ట్‌వేర్ బుర్ర కదా! పది నిమిషాల్లో గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో వదిలా. రెండ్రోజుల్లో అరవై జవాబులు. ఓపెన్ జిమ్, వైఫై, సెల్ఫీ పాయింట్... చార్ట్ చూసుకుని మురిసిపోయా.

నాయనమ్మకి చూపిస్తే, "నన్నడగలేదేంరా?" అంది. రోజూ పార్కుకెళ్లేది ఆవిడే. నేను వెళ్లి నెలలైంది.

ఆ సాయంత్రం తనతో వెళ్లా. మే నెల కదా, ఐదున్నరైనా సిమెంటు బెంచీ కాలుతోంది. "ఇక్కడ బాత్రూం లేదుగా, అందుకే మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగను" అంది మామూలుగా. గుండె కలుక్కుమంది. మిర్చి తొడిమలు తీసే పని ముగించుకుని, పిల్లాణ్ణి ఆడించడానికి వచ్చిన ఓ అక్క, "కాస్త నీడ, ఓ కుళాయి ఉంటే చాలు తమ్ముడూ" అంది. వీళ్లెవరూ నా ఫామ్‌లో లేరు.

తర్వాత వెతికితే తెలిసింది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణే చెబుతోంది. గుంటూరు జనాభా 2011కే 6 లక్షలు దాటింది. అంటే వీళ్లనడగడం మన మంచితనమేం కాదు, వాళ్ల హక్కు.

నాలుగు సాయంత్రాలు నోట్‌బుక్‌తో అక్కడే కూర్చున్నా. కొత్త లిస్టులో మొదటిది మరుగుదొడ్డి. తర్వాత నీడ, తాగునీళ్లు, పట్టుకుని లేవడానికి చేతులున్న బెంచీలు. సెల్ఫీ పాయింట్ చివర్న.

లిస్టు ఇచ్చొచ్చా. మీరూ ఫామ్ పంపేముందు ఒక్క సాయంత్రం మీ పార్కులో కూర్చోండి.

నాయనమ్మ ఇంకా నీళ్లు తాగకుండానే వెళ్తోంది.