41 దగ్గరే ఆగిపోయిన ఫోన్

మన్ననూరు దాటాక సిగ్నల్ పోయింది. ఫోన్‌లో చివరిసారి కనిపించిన టెంపరేచర్ 41. రాత్రి మళ్లీ మన్ననూరు వచ్చేదాకా ఆ నంబర్ అట్లనే ఉంది. మేం నడిచిన దారిలో మాత్రం వేడి ఏ రెండు చోట్లా ఒక్కలా లేదు.

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. మా నాయిన ఏటా పోతాడు. ఆ ఏడు నేను సెలవు పెట్టి గద్వాల నుంచి కారులో తీసుకుపోయా. బీచుపల్లి వంతెన, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట... దారంతా ఏసీ. ఫరహాబాద్ చెక్‌పోస్ట్ దగ్గర బండ్ల క్యూలో చాలాసేపు ఆగాం. నడక మొదలుపెట్టేసరికి పదకొండున్నర.

"జర ఎండ తగ్గినంక పోదాంరా" అన్నాడు నాయిన.

"అడవే కదా నాయినా, చల్లగుంటది. 41 అంటే మన గద్వాలల లేదా ఏంది?" అన్నా. వినకుండా ముందుకు నడిచింది నేనే.

అడవంటే నీడ అనుకున్నా. కానీ నల్లమలలో ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. ఏప్రిల్‌లో టేకు చెట్టు కింద నిలబడితే కరెంటు స్తంభం కింద నిలబడ్డట్టే. చెట్ల నడుమ వచ్చే గడ్డి బయళ్లు ఇంకా ఘోరం. వానాకాలంలో పచ్చగా ఉన్నప్పుడు గడ్డి వేర్లతో నీళ్లు తోడి ఆకుల్లోంచి ఆవిరి చేస్తుంది, కొంత వేడి అట్ల ఖర్చయిపోతుంది. ఎండిన గడ్డికి ఆ పని లేదు. పడిన ఎండంతా నేలను కాల్చడానికే. అట్లాంటి నేల మిట్టమధ్యాహ్నం 55 డిగ్రీలు దాటడం వింతేం కాదు. చెప్పుల అడుగు నుంచి తెలుస్తుంటుంది.

సరిగ్గా అట్లాంటి బయలు నడుమ నాయిన మాట తడబడింది. ఏదో అడిగితే ఇంకేదో చెప్పాడు. ఒళ్లంతా చెమట. నాకు చేతులు ఆడలేదు. దగ్గర్లో ఉన్న పెద్ద టేకు మొదలు దగ్గర కూర్చోబెట్టబోయా.

"ఆడొద్దు" అన్నాడు దారిన పోతున్న ఒక చెంచు పెద్దాయన. వంగి నేల మీద అరచెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. నాయిన రెక్క పట్టుకుని కొంచెం దూరం నడిపించాడు. ఎండిన వాగు ఒడ్డున ఒక పెద్ద బండ, దాని చాటున ఆకులున్న నేరేడు చెట్టు. అక్కడా అరచెయ్యి పెట్టాడు. "ఇగ ఈడ" అన్నాడు. మా సీసాలో నీళ్లతోనే తువ్వాల తడిపి మెడకు చుట్టి, గాలొచ్చే దిక్కుకు ముఖం తిప్పి కూర్చోబెట్టాడు. గుక్కెడు గుక్కెడు నీళ్లు తాపాం.

చాలాసేపటికి "బెల్లం ముక్క ఉన్నదారా?" అన్నాడు నాయిన. అప్పటికి గానీ నేను ఊపిరి తీసుకోలేదు.

వెదర్ యాప్‌లో నంబర్ మనం నిలబడ్డ చోటుది కాదని, కోడ్ రాసి బతికే నాకు తెలియనిది కాదు. కొన్ని కిలోమీటర్ల మేరకంతా కలిపి వేసే లెక్క అది. వాతావరణ కేంద్రాల్లో కూడా థర్మామీటర్‌ను మనిషి ఎత్తుకు అటూఇటూగా, తెల్లటి పెట్టెలో, నీడలో పెడతారు. అది చెప్పేది గాలి సంగతి ఒక్కటే. ఒంటికి పైనుంచి ఎండ, కిందనుంచి నేల సెగ, పక్కనుంచి బండల సెగ. మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కితే అది కూడా మనకు వేడి ఇచ్చేదే. ఇక మిగిలేది చెమట ఆరడం ఒక్కటే. తక్కువదేం కాదు. ఒక లీటరు చెమట ఆరిపోతే, వెయ్యి వాట్ల హీటర్ 40 నిమిషాలు ఇచ్చేంత వేడిని తీసుకుపోతుంది. తడి తువ్వాల, ఎదురుగాలి చేసిన పని అదే.

వెనక్కి పోదామంటే నాయిన ఒప్పుకోలేదు. మెల్లగా లోయలోకి దిగాం. దిగేకొద్దీ ఒంటి మీద బరువు ఒక్కోటి తీసేసినట్టుంది. రెండు కొండల నడుమ ఇరుకు కాబట్టి రాతిగోడలకు రోజులో ఎండ తగిలేదే కాసేపు. పైనుంచి జలపాతం. అక్కడ చెమట మాత్రం ఆరలేదు. నీటి తుంపర, ఇంతమంది జనం ఊపిరి, చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అయినా హాయిగా ఉంది. చుట్టూ ఉన్న రాళ్లు సెగ కొట్టడం లేదు మరి. జేబులోంచి ఫోన్ తీసి చూశా. 41.

లింగమయ్యకు మొక్కుకున్నాక నాయిన పైకి ఎక్కుదామన్నాడు. నేనే ఆపా. పొద్దు కొండ చాటుకు పోతుండగా బయల్దేరి మళ్లీ ఆ గడ్డి బయలు దగ్గరికి వచ్చాం. నాయిన గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి పెట్టాడు. కాసేపు అట్లనే ఉంచాడు.

"పా," అన్నాడు లేస్తూ. "ఇప్పుడు నడువొచ్చు."