మెసేజ్ వెనక్కి రాదు

ఎంటిటీ అంటే డేటాబేస్ టేబుల్లో ఒక వరుసకి జావాలో ఉండే రూపం అని ల్యాబ్‌లో చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం దాన్ని చూస్తే మన ఇళ్లల్లో తంతులు గుర్తొస్తాయి. పుట్టకముందు సీమంతం, పుట్టాక బారసాల. ఎంటిటీకీ అలాంటివి ఏడున్నాయి: ప్రీపర్సిస్ట్, పోస్ట్‌పర్సిస్ట్, ప్రీఅప్‌డేట్, పోస్ట్‌అప్‌డేట్, ప్రీరిమూవ్, పోస్ట్‌రిమూవ్, పోస్ట్‌లోడ్. 2006లో జేపీఏ మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఉన్నాయివి. మెథడ్ నెత్తిన ఆ యానొటేషన్ పెడితే చాలు, మనం పిలవకుండానే వేళకి అదే నడుస్తుంది.

మా మినీ ప్రాజెక్ట్ హాస్టల్ ఔట్‌పాస్. రిక్వెస్ట్ పెట్టిన టైమ్‌ని ప్రీపర్సిస్ట్‌లో రాశాం, ఏ స్క్రీన్ నుంచి వచ్చినా అది పడాల్సిందే. ఇక్కడిదాకా హాయిగా ఉంది. గొడవంతా ఇంటికి వెళ్లే ఎస్సెమ్మెస్ దగ్గర.

"సేవ్ అయ్యాకే కదరా పోస్ట్‌పర్సిస్ట్ వచ్చేది, మెసేజ్ అక్కడే పంపేద్దాం" అన్నాడు మావాడు. వినడానికి బానే ఉంది. కానీ పోస్ట్ అంటే ఇన్సర్ట్ నడిచాక అని, కమిట్ అయ్యాక అని కాదు. ఆ రెంటి మధ్యా చాలా జరగొచ్చు. నేనెంత చెప్పినా వాడు వినలేదు, సరే చూద్దామని సెలవులు సున్నా ఉన్న ఒక డమ్మీ స్టూడెంట్‌తో టెస్ట్ చేశాం. ఇన్సర్ట్ అయింది, సెలవులు తగ్గించే దగ్గర ఎర్రర్ కొట్టింది, ట్రాన్సాక్షన్ మొత్తం రోల్‌బ్యాక్. టేబుల్ ఖాళీ. వాడి జేబులో ఫోన్ మాత్రం మోగింది: "మీ అబ్బాయి హాస్టల్ నుంచి బయల్దేరాడు."

అదే మెసేజ్ రాత్రి పదింటికి మా అమ్మకి వెళ్తే? మా ఊరు ఎనిమిది గంటల బస్సు. నేనేమో ఫోన్ సైలెంట్‌లో పెట్టి రూమ్‌లో నిద్రపోతుంటా. ఆ రాత్రి ఆవిడ ఇక పడుకోదు.

స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ ఉంది, మామూలుగా కమిట్ అయ్యాకే నడుస్తుంది. అయితే కమిట్‌కీ మెసేజ్‌కీ మధ్య సర్వర్ పడిపోతే ఆ మెసేజ్ గల్లంతే. అందుకని పంపాల్సిన మెసేజ్‌ని కూడా ఒక వరుసగా, అదే ట్రాన్సాక్షన్‌లో, ఔట్‌బాక్స్ అనే టేబుల్లో రాశాం. ఉంటే రెండూ ఉంటాయి, పోతే రెండూ పోతాయి. నిమిషానికోసారి ఇంకో జాబ్ వచ్చి అందులోవి పంపుతుంది. ఈ రాయడం కాల్‌బ్యాక్‌లో కాదు, సర్వీస్‌లోనే. కాల్‌బ్యాక్‌లోంచి ఎంటిటీ మేనేజర్ జోలికి వెళ్లొద్దని జేపీఏ స్పెక్‌లోనే ఉంది.

ఇంకోటి. వార్డెన్‌కి "అందరికీ అప్రూవ్" అని ఒక బటన్ ఇచ్చాం, వెనక ఒకే ఒక్క అప్‌డేట్ క్వెరీ. స్టేటస్‌లన్నీ మారాయి గానీ మారిన టైమ్ మాత్రం పాతదే ఉండిపోయింది. బల్క్ క్వెరీ నేరుగా టేబుల్‌కి వెళ్తుంది కాబట్టి ప్రీఅప్‌డేట్‌కి కబురే అందదు. ఇప్పుడా బటన్ వెనక లూప్ ఉంది. కాస్త నెమ్మదే. ఆదివారం పొద్దున నలభై ఔట్‌పాస్‌లకి అదేమంత లెక్క కాదు.