నల్లకుంట డాబా మీద జోకర్లు

వేసవి సెలవుల్లో రాత్రిపూట కరెంటు పోతే నల్లకుంటలో మా డాబా మీద ఒకటే పంచాయితీ: ఏ జోకర్ గొప్ప? సర్కస్ జోకర్ కాదు, పేకముక్కల్లోదీ కాదు. 1940 నుంచి బ్యాట్‌మన్‌కి కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న ఆకుపచ్చ జుట్టు, తెల్ల మొహం వాడు. పెద్దమ్మగారి అబ్బాయి మా అందరికన్నా పెద్దవాడు కాబట్టి జడ్జి తనే. అన్నయ్య పెట్టే పరీక్ష ఒక్కటే. నీ జోకర్ గొప్ప అంటావా, అయితే వాడిలా నవ్వి చూపించు. మా నవ్వులు విని పక్కింటి మామ్మగారు, పిల్లలకి గాలిగాని సోకిందా అని అమ్మని అడిగారట.

సినిమాలు వీధి చివరి సీడీ షాపులో అద్దెకి దొరికేవి. 1966 నాటి బ్యాట్‌మన్ సినిమా అలాగే వచ్చింది. అందులో సీజర్ రొమెరో జోకర్. వేషం కోసమని మీసం తీసేది లేదన్నాడు ఆయన. చేసేదేముంది, మీసం మీదే తెల్లరంగు పూసేశారు. దగ్గరి షాట్ వచ్చిన చోటల్లా సినిమా ఆపి, టీవీకి ముక్కు ఆనించి రంగు కింద ఆ వెంట్రుకల్ని వెతికేవాళ్ళం. తాతయ్యకి నచ్చిన జోకర్ ఆయనొక్కడే. "మీసం మీద అంత మమకారం ఉన్నవాడు చెడ్డవాడెలా అవుతాడ్రా?" అనేవాడు. ఆ వెంటనే 'పాతాళ భైరవి'లో మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు నవ్వు సంగతి ఎత్తుకునేవాడు. తాతయ్య లెక్కలో 1951 తర్వాత తెర మీద ఎవరికీ నవ్వడం చేతకాలేదు.

అన్నయ్య ఓటు జాక్ నికల్సన్‌కి. 1989 సినిమా మాకు దొరికిన రెండు సీడీల్లో రెండోది గీతలమయం. బనీనుతో తుడిచి పెడితే కాసేపు ఆడేది, మళ్ళీ బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరి ఆగిపోయేది. చివర్లో జోకర్ అంత ఎత్తు నుంచి పడి చచ్చాడు. చచ్చినా నవ్వు ఆగదు! సీడీ ఇరుక్కుందనుకుని నేను లేచి ప్లేయర్ దగ్గరికి వెళ్ళాను. "ఆగరా బాబూ" అని అన్నయ్య అరిచాడు. పోలీసు కమిషనర్ శవం జేబులోంచి నవ్వే బొమ్మ ఒకటి బయటికి తీశాడు. మనిషి పోయాక కూడా నవ్వు నడుస్తూ ఉండడం చూస్తే నికల్సన్ నటన కన్నా ఎక్కువ భయం వేసింది నాకు. అన్నయ్య ఒప్పుకోలేదనుకోండి.

నా ఓటు మాత్రం మొహం కనపడని మనిషికి. కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చే బ్యాట్‌మన్ కార్టూన్‌లో జోకర్‌కి గొంతు ఇచ్చింది మార్క్ హామిల్. 'స్టార్ వార్స్' హీరో ల్యూక్ స్కైవాకర్ ఆయనే! ఆ గొంతులో నవ్వు ఒక్కరకంగా ఉండదు. కోపం వస్తే ఒకలా, దొంగతనం ఫలిస్తే ఇంకోలా, బ్యాట్‌మన్ తప్పించుకుంటే ఏడుపు కలిసినట్టు మరోలా. డాబా మీద దాన్ని అనుకరించబోయి ప్రతిసారీ దగ్గులో తేలేవాణ్ణి.

2008 జులైలో 'ది డార్క్ నైట్' వచ్చాక పరీక్షే మారిపోయింది. హీత్ లెడ్జర్ ఆ జనవరిలోనే, 28 ఏళ్ళకే పోయాడని మాకు ముందే తెలుసు. ప్రసాద్స్ ఐమాక్స్‌లో అంత పెద్ద తెర మీద, పెన్సిల్ మాయం చేసే సీన్‌కి ముందు ఈలలు, ఆ మరుక్షణం హాలంతా గప్‌చిప్. గ్యాంగ్‌స్టర్ల సమావేశంలోకి వస్తూ అతను నవ్వే నవ్వులో నవ్వే లేదు. ఎండిపోయిన గొంతుతో, ఎగతాళిగా, "హ... హ..." అని అప్పజెప్పినట్టు నవ్వుతాడు. మాటకోసారి పెదవులు నాక్కుంటాడు. చెంపల మీద గాట్లెందుకొచ్చాయో ఒకరికి ఒక కథ, ఇంకొకరికి ఇంకో కథ చెబుతాడు. ఆ రాత్రి మా డాబా మీద ఎవరూ నవ్వుల్లో పోటీపడలేదు, అందరూ పెదవులు నాక్కున్నారు. మామ్మగారికి కాస్త విశ్రాంతి దొరికింది.

మరుసటేడు లెడ్జర్‌కి చనిపోయాక ఆస్కార్ ఇచ్చారు. జోకర్ వేషానికే 2020లో హొవాకిన్ ఫీనిక్స్‌కి మరొకటి వచ్చింది. ఆయన సినిమాలో నవ్వు ఒక రోగం. బస్సులో ఆపుకోలేక నవ్వుతూ, అది జబ్బని రాసున్న కార్డు తీసి ఎదుటివాళ్ళకి అందిస్తాడు. జోకర్‌కి ఇంత కారణం కట్టబెట్టడం నాకు రుచించదు గానీ, ఆ నవ్వు వింటుంటే నా గొంతే నొప్పెట్టింది.

అన్నయ్య ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడు ఇంకా నికల్సనే అంటాడు, నేను హామిల్ అంటాను.

"మరి 2016లో నుదుటి మీద పచ్చబొట్టు, నోట్లో వెండి పళ్ళతో వచ్చిన జారెడ్ లీటోని ఏం చేద్దాం అన్నయ్యా?"

"తిండి టైములో వాడి ఊసెత్తకురా."