తిరువూరులో ‘నాన్నా పులి’

విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే రోడ్డులో, మామిడి తోటల మధ్య, తెలంగాణ సరిహద్దుకు కాస్త ముందు మా తిరువూరు. రాత్రి బస్సు దిగి వెళ్లేసరికి ఇంట్లో అలారం మోగుతోంది. అమ్మానాన్న హైదరాబాద్‌లో నా దగ్గరుంటున్నారని, ఖాళీ ఇంటికి నేనే కొని పెట్టాను. ఎదురింటి పిన్నిగారు అరుగు మీంచి లేవలేదు.

“సెన్సర్ మీద బల్లి పాకినా అరుస్తుంది అబ్బాయ్! మొదట్లో పరుగెత్తుకొచ్చేవాళ్లం. ఇప్పుడు టీవీ సౌండ్ పెంచుకుంటున్నాం.”

నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. నిజంగా దొంగ పడితే?

మనవాళ్లు బోలెడుమంది ఉండే సియాటిల్‌లో పోలీసులూ ఇలాగే విసిగిపోయారు. 2024 అక్టోబర్ 1 నుంచి వట్టి సెన్సర్ మోగితే కదలడం లేదు. వీడియోనో, ఆడియోనో, కళ్లారా చూసిన మనిషో ఉండాలి, లేదా ఎవరైనా ఆపదలో మీట నొక్కాలి. మన ఆంధ్రా పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్‌లోనూ కిటుకు అదే. ఊరెళ్లేముందు యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా పెడతారు. కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. వచ్చింది బల్లో, దొంగో చూసి తేల్చుకోవచ్చు.

పొద్దున్నే సెన్సర్ చోటు మార్చాను. “మోగితే ఒక్కసారి ఇటు చూడండి పిన్నిగారూ, మనిషి అలికిడైతే 112కి ఫోన్ చేయండి” అన్నాను.

“చూస్తాలే, ముందు కాఫీ తాగు” అన్నారావిడ.