తుపానుకాలమున ఉప్పాడ ప్రయాణము

కెనడాదేశపు పడమటితీరమున టోఫినో అను నూరు కలదు. చలికాలమున జనులు పనిగట్టుకొని యచ్చటికి బోయి, సముద్రపు తుపానులను కిటికీలలోనుండి చూచి వినోదింతురట. ఈ సంగతి చదివినది మొదలు మా యింటి పిల్లలు, మనమును కాకినాడకు బోయి యట్లే చూతమని మమ్ము వేధింపసాగిరి.

సోదరీమణులారా! వారి కోరికను మేము సగమే మన్నించితిమి. అచ్చటి తీరము రాతిది. అల యెంత లేచినను బండకు గొట్టుకొని మరలిపోవును. మన గోదావరిసీమ తీరమో, ఇసుకయు నొండ్రుమట్టియు. సముద్రమున కించుమించు సమమట్టము. తుపానుగాలి నీటిని ఒడ్డునకు నెట్టినప్పుడు, లోతు తక్కువగుటచే ఆ నీరు పైకి లేచి, నదీముఖముల వెంబడి యూళ్లలోనికి వచ్చును. గాలికంటె ఈ యుప్పెనయే ప్రాణాంతకము. 1789 డిసెంబరులో కోరంగిపై మూడు పెద్ద కెరటములు వరుసగా వచ్చి పడినవి. 1839 నవంబరులో వచ్చిన యుప్పెనతో, ఓడలకు బేరుపడిన యా రేవు మరల పూర్వపు దశకు రాలేదు. ఆ మొదటి యుప్పెనను గూర్చి వ్రాసిన కలకత్తాలోని పిడ్డింగ్టను దొరయే, పాముచుట్టను దెలుపు గ్రీకుమాటనుండి ‘సైక్లోను’ అను పేరు కల్పించెను. తగిన పేరే! చుట్ట నడుమ గాలి నిలిచిపోగా, గండము గడచెనని వాకిటికి వచ్చినవారిని రెండవ విడత గాలి యెదురుదిక్కునుండి వచ్చి పడగొట్టును.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమలో కొబ్బరితోటలు నేలగూలినవి. వేయిమందికి పైగా మరణించిరి. ఆ రాత్రి గడపిన మా పెద్దలు నేటికిని గాలి హోరుమన్నచో లేచి తలుపుగడియలు చూచుకొందురు. వారి యెదుట తుపాను వినోదమనుటకు మాకు నోరాడలేదు.

కావున ప్రయాణమునకు తేదీ పెట్టుకొనలేదు. 2018లో డిసెంబరు 17న గూడ తుపాను వచ్చి కాట్రేనికోనవద్ద తీరము దాటినది గనుక మార్గశిరమును నమ్మరాదు. కాకినాడరేవులో హెచ్చరిక గుర్తు దింపి, ఉప్పాడబాట తెరచినట్లు తెలిసిన పిమ్మటనే రాజమహేంద్రవరమున రైలెక్కి, సామర్లకోటమీదుగా బోవుదుము. గాలి తగ్గినను అల వెంటనే తగ్గదు. పిల్లల ముచ్చటకు అది చాలును. కాకినాడరేవునకు హోపుదీవి యడ్డుగోడవలె నున్నది. దాని కుత్తరముననున్న ఉప్పాడకు అట్టి చాటు లేదు. సముద్రము అచ్చటి యిండ్లను ఏండ్ల తరబడి మ్రింగుచునే యున్నది; బాటకు కాపుగా పోసిన రాళ్లను సైతము కదల్చును. ఆ రాళ్లకు దూరముగనే నిలువవలెనని పిల్లలచే ముందుగనే మాట తీసికొంటిమి.

మధ్యాహ్నము నేతగాండ్ర యిండ్లకు బోవలెనని మా సంకల్పము. ఉప్పాడ జామదానీ చీరలో పువ్వు రెండువైపుల నొక్కతీరుగనే యుండును. ఒక చీరకు సరిపడు సొమ్ము విడిగా ముడివేసి యుంచితిమి. ఆ ముడి సంగతి ఇంటి మగవారికి ఇంకను జెప్పలేదు.