ఓడల దారి మీద ఒక పూట

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పోర్టును ఆనుకుని మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మరోదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్నదే రాస్ హిల్. 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్న రాస్ దొర పేరే కొండకు స్థిరపడిపోయింది. ఓడల్ని చూడాలనే ఒక శీతాకాలం ఉదయాన ఆ కొండెక్కాను.

ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. రెంటి నడుమ సన్నటి నీటి దారి. లోపలి హార్బరుకు వెళ్లే ప్రతి ఓడా ఇందులోంచే పోవాలి. 1933 అక్టోబరు 7న మొదటిసారి ‘జలదుర్గ’ అనే ఓడ వచ్చింది కూడా ఈ దారినే.

బయట సముద్రంలో కొన్ని ఓడలు లంగరేసుకుని ఉన్నాయి. బెర్తు ఖాళీ అయ్యేదాకా వాటికి అక్కడే మకాం. కాసేపటికి ఒకటి కదిలింది. స్తంభం మీద సగం తెలుపు, సగం ఎరుపు జెండా కనిపించింది. పైలట్ ఓడెక్కాడని దానర్థం. ఏడు సముద్రాలు తిరిగిన కెప్టెనైనా ఈ ఇరుకులో స్థానిక పైలట్ చెప్పినట్టు వినాల్సిందే. ముందొక టగ్గు, వెనకొక టగ్గు. పెళ్లికొడుకుని ఊళ్లోకి తీసుకొచ్చినంత జాగ్రత్తగా లోపలికి తెచ్చాయి.

అది ట్యాంకరు. గుర్తుపట్టడం కష్టం కాదు. సరుకు దించే పెద్ద క్రేన్ల వరస ఉండదు. డెక్కు పొడవునా పైపులే. సిబ్బంది ఉండే మేడ వెనక కొసన ఉంటుంది. వెనక భాగాన ఓడ పేరు కింద ‘మన్రోవియా’ అని రాసుంది. లైబీరియాలో నమోదైందన్నమాట. అంతమాత్రాన యజమాని ఆ దేశంవాడు కానక్కర్లేదు.

నిండు ఓడా, ఖాళీ ఓడా అన్నది పొట్ట మీది రంగు చెబుతుంది. అడుగున వేసిన ఎర్ర రంగు ఎత్తుగా బయటికి కనిపిస్తే ఖాళీ. ఆ ఎరుపు నీళ్లలో మునిగిపోయి పైరంగే మిగిలితే నిండు. ముడిచమురు ఓడలు ఇక్కడికి బరువుగా వచ్చి తేలిగ్గా పోతాయి. ఇనుప ఖనిజం కోసం వచ్చేవి తేలిగ్గా వచ్చి బరువుగా పోతాయి. బైలదిల్లా గనుల నుంచి కిరండూల్ రైలు మార్గంలో దిగొచ్చిన ఖనిజాన్ని జపాను తీసుకెళ్లే పెద్ద ఓడల కోసమే 1970లలో ఔటర్ హార్బరు కట్టారు.

మరీ పెద్ద ట్యాంకర్లు ఔటర్ హార్బరు లోపలికి కూడా రావు. ఒడ్డుకు దూరంగా నడిసంద్రంలోనే తేలే బోయాకు కట్టుకుంటాయి. చమురు గొట్టాల్లోంచి సముద్రపు అడుగు పైపులోకి, అక్కణ్నుంచి ఒడ్డుకు చేరుతుంది. ఆపద సమయాల కోసం దేశం దాచుకున్న చమురు కూడా ఈ ఊళ్లోనే, భూమి లోపల తొలిచిన రాతి గుహల్లో ఉంది. 13.3 లక్షల టన్నులు పట్టే ఆ గుహలు 2015 నుంచి వాడుకలో ఉన్నాయి.

కొండ దిగి ఫిషింగ్ హార్బరుకు వెళ్తే వల బాగుచేసుకుంటున్న ఒకాయన నవ్వాడు. “పెద్దోడొస్తే మేవే పక్కకి తప్పుకోవాల బాబూ. ఆడు ఆగాలన్నా ఆగలేడు కదా!” నిజమే. నిండు ట్యాంకరు వేగంగా పోతూ ఇంజన్ ఆపినా కిలోమీటర్ల కొద్దీ సాగిపోతుంది.

మన బండిలో పోసుకునే పెట్రోలు ఎక్కణ్నుంచి ఎలా వస్తుందో పుస్తకంలో చదవడం వేరు, ఇక్కడ నిలబడి చూడటం వేరు. పిల్లల్ని తీసుకెళ్లండి, బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి. కాకపోతే ఇది పోర్టు, నేవీ ఉన్న చోటు. ఫొటో తీసేముందు అక్కడి బోర్డులు ఒకసారి చదవండి.